చెబితే ఉద్యోగం పోతుందట కదా మేడం? పోలీసుల పీర్ సపోర్ట్‌పై అపోహలు - వాస్తవాలు

మండల స్టేషన్లలో పనిచేసే కానిస్టేబుళ్ళకు, ఏఎస్సైలకు పీర్ సపోర్ట్ శిక్షణ ఇవ్వడం నా పని. అంటే, మనసు బాగాలేని తోటి పోలీసు మాట వినే సహచరుడిగా (పీర్ సపోర్టర్) తయారుచేయడం. తరగతిలో ఎవరూ నోరు విప్పరు. టీ విరామంలో మాత్రం ఒకరి తర్వాత ఒకరు పక్కకు వచ్చి అడుగుతారు. ఊళ్ళు వేరు, ర్యాంకులు వేరు, ప్రశ్న ఒకటే. అందుకే ముందు దాని సంగతే రాస్తున్నాను.

అపోహ: మనసు బాగాలేదని ఎవరికైనా చెబితే సర్వీసు రిజిస్టరులోకి ఎక్కుతుంది, ప్రమోషన్ ఆగిపోతుంది, చివరికి ఉద్యోగమే పోతుంది.

మేము శిక్షణ ఇచ్చిన సహచరుడు మీ పేరు ఎక్కడా రాసుకోడు. స్టేషన్ జనరల్ డైరీలో (జీడీ) ఎక్కించడు, ప్రాణాపాయం ఉంటే తప్ప మీ ఎస్సైకి చెప్పడు. డాక్టరు దగ్గరికి వెళితే అక్కడ చట్టమే కాపలా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ చదవండి. ప్రాణాపాయం, కోర్టు ఉత్తర్వు వంటి కొన్ని సందర్భాల్లో తప్ప చికిత్స వివరాలు బయటపెట్టకూడదు. అదే చట్టం 3వ సెక్షన్ ఇంకా స్పష్టంగా చెబుతోంది: మానసిక అనారోగ్యం ఉందని నిర్ధారించినంత మాత్రాన, కోర్టు ప్రకటిస్తే తప్ప, ఎవరినీ మతిస్థిమితం లేనివారిగా లెక్కించకూడదు. రోజూ సెక్షన్లు రాసే చేతులు మీవి. ఈ రెండింటినీ కూడా ఒకసారి చదువుకోండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన మాట నమ్మి ఏళ్ళ తరబడి నిద్ర లేకుండా గడపకండి.

పీర్ సపోర్టర్‌తో మాట్లాడినందుకు ఉద్యోగం పోయిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. దాచుకుని మెమోలు తెచ్చుకున్నవారిని మాత్రం చూస్తూనే ఉన్నాను. తాగి డ్యూటీకి రావడం, పిటిషన్ ఇవ్వడానికి వచ్చిన ముసలాయన మీద చెయ్యి చేసుకోవడం, చెప్పకుండా మానేయడం: విచారణ దాకా వెళ్ళేవి ఇవి.

హైవే పక్క స్టేషన్లో ఒక హెడ్ కానిస్టేబుల్ ఉండేవారు. ప్రమాదం జరిగితే చాలాసార్లు అంబులెన్సు కన్నా ముందు చేరేది ఆయనే. ఒక రాత్రి కూలీల ఆటోను లారీ గుద్దింది. చనిపోయినవారిలో చాలామంది ఆయన బీటు ఊరివాళ్ళు. గుర్తుపట్టడానికి బంధువులు వచ్చేలోగానే పంచనామాకు పేర్లన్నీ ఆయనే చెప్పారు. ఆ రాత్రి నుంచి ఆయనకు నిద్ర లేదు. హారన్ వినిపిస్తే ఒళ్ళంతా చెమట. తెలిసినవాళ్ళు చూస్తారని పక్క జిల్లా ఆసుపత్రికి వెళ్ళి, బావమరిది పేరుతో ఓపీ చీటీ రాయించుకున్నారు. మాత్రలూ ఆ పేరు మీదే. తర్వాత నెలకు పైగా డ్యూటీకి వెళ్ళలేకపోయారు. సెలవు అడగడానికి ఆయన పేరు మీద ఒక్క కాగితం లేదు. గైర్హాజరు కింద ఛార్జి మెమో వచ్చింది. సొంత పేరుతో చూపించుకుని ఉంటే మెడికల్ లీవు పెట్టుకునే వీలుండేది. ఆయన భార్య నా ముందు కూర్చుని, ‘భయపడింది ఉద్యోగం కోసమే కదమ్మా’ అని ఏడ్చింది. ఆ భయం నాకు అర్థమవుతుంది. దాన్ని పెంచి పోషించే పుకార్ల మీదే నా కోపం.

తుపాకీ సంగతి కూడా అడుగుతారు. ఇక్కడ నేను అబద్ధం చెప్పను. చనిపోవాలని ఉందని ఎవరైనా చెబితే, ఆ గండం గడిచే దాకా ఆయుధం లేని డ్యూటీలో ఉంచమని మేము కోరతాం. సహచరుడు రహస్యం పక్కనపెట్టేది ఇలాంటి ప్రాణాపాయంలోనే. ఆ విషయం మొదటి మాటలోనే మీకు చెబుతాడు. చావు ఆలోచన ఉధృతంగా ఉండే సమయం తరచుగా చిన్నది. ఆ కాస్త సమయంలో ఆయుధం చేతికి అందకపోతే ప్రాణం దక్కుతుందని ఎన్నో దేశాల అనుభవం.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చెప్పరు. వకీలుకు చెప్పిన మాటకు కోర్టులో ఉన్న రక్షణ సహచరుడికి చెప్పిన మాటకు లేదు. కాబట్టి విచారణలో ఉన్న ఘటనలో ఎవరిది తప్పు అన్న చర్చ పీర్ సపోర్టర్‌తో వద్దు, అది వకీలుతో మాట్లాడండి. నిద్ర, భయం, కోపం, ఇంట్లో గొడవ గురించి ఎంతైనా చెప్పుకోండి. వీలైతే మీ స్టేషన్ కాని మనిషిని, మీకు డ్యూటీలు వేయని మనిషిని ఎంచుకోండి.

పల్లె స్టేషన్లో ఒత్తిడి ఉండదనే మాట కూడా వింటాను. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 2014లో చేసిన దేశవ్యాప్త అధ్యయనంలో, స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు 8 గంటలకు మించి పనిచేస్తున్నట్టు తేలింది. పల్లెలో దీనికి తోడు పురుగుమందు తాగి చనిపోయిన రైతు నిన్న మీతో టీ తాగిన మనిషి అయి ఉంటాడు. శవపంచనామా రాసి, మర్నాడు అదే వీధిలో బీటు తిరగాలి.

చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామనేది తప్పు. నేరుగా అడగండి: ‘తమ్ముడూ, చచ్చిపోవాలనిపిస్తోందా?’ అలా అడగడం ప్రమాదాన్ని పెంచదని పరిశోధనలు పదేపదే చెప్పాయి. కేసు అవుతుందన్న భయమూ వద్దు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన ఐపీసీ 309 లాంటి సెక్షన్, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వ ఉద్యోగిని విధి నిర్వహణలో ఒత్తిడి చేయడానికో అడ్డుకోవడానికో చేసే ఆత్మహత్యాయత్నానికే అందులోని 226వ సెక్షన్ వర్తిస్తుంది.

పెద్ద ప్రమాదం జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించాలని కొందరు అధికారులు మంచి మనసుతోనే అనుకుంటారు. వద్దు. అలా బలవంతంగా చెప్పించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటోంది. నీళ్ళివ్వండి, ఇంటికి ఫోను చేయించండి, వీలైతే ఆ రాత్రి సెంట్రీ డ్యూటీ తప్పించండి. మాట్లాడాలనుకున్నవాళ్ళు మాట్లాడతారు.

రెండు పెగ్గులతో నిద్ర పడుతుందంటారు. పడుతుంది, తెల్లవారుజామున తెగిపోతుంది.

పీర్ సపోర్టర్ డాక్టరు కాదు. మాత్రలు చెప్పడు, జబ్బు పేరు పెట్టడు. వింటాడు, కావాలంటే ఆసుపత్రికి మీతోపాటు వస్తాడు. మీ దగ్గర అలాంటి మనిషి లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లోవాళ్ళు కూడా చేయవచ్చు. పోలీసు అని చెప్పాల్సిన పని లేదు.