నిలబడ్డవాడే ఫొటోలో పడతాడు

విజయనగరంలో సిరిమానోత్సవం మంగళవారం. దానికి ముందురోజు రాత్రి తొలేళ్లు. పోయినసారి తొలేళ్ల రాత్రి మూడు లాంతర్ల దగ్గర ఫోన్ తీసి జనాన్ని ఒక ఫొటో కొట్టాను. చీకట్లో ఫోన్ కెమెరా కాస్త ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది కదా, నడిచేవాళ్లంతా పొగలా సాగిపోయారు. గోడకి ఆనుకుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్న పెద్దాయన ఒక్కడు మాత్రం చొక్కా గీతలతో సహా పడ్డాడు.

ఫొటో పాడైందని తీసేయబోయి ఆగాను. బతికున్న బ్యాక్టీరియాలో ఒకే ఒక్క అణువును పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు వాడిన కిటుకు ఇదే.

మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. వరసగా పేరిస్తే మిల్లీమీటరులో 500 పడతాయి. అంత చిన్న ఒంట్లో 46 లక్షల అక్షరాల డీఎన్ఏ కుక్కి ఉంటుంది; సాగదీస్తే మిల్లీమీటరున్నర. అందులో తిరిగే ఒక ప్రోటీన్‌కి జెల్లీఫిష్ నుంచి తెచ్చిన వెలిగే ప్రోటీన్‌ను తోకలా తగిలించి లేజర్ వేస్తారు. ఈదుతున్న అణువు వెలుగు కణమంతా పరుచుకుని మసకగా పోతుంది. డీఎన్ఏను పట్టుకుని కూర్చున్నది చుక్కలా కనబడుతుంది.

2007లో హార్వర్డ్‌లో యోహాన్ ఎల్ఫ్, సన్నీ షీ బృందం ఇలాగే లాక్ రిప్రెసర్‌ను చూసింది. పాలలోని చక్కెర దొరకనప్పుడు, దాన్ని అరిగించే జన్యువులకు అడ్డంగా కూర్చునే ప్రోటీన్ అది. ఆ చక్కెరను పోలిన రసాయనం కలపగానే చుక్క మాయమైంది. నాకు ఇంకా నచ్చింది దాని వెతుకులాట. తన చోటు కోసం తిరిగేటప్పుడు దాదాపు 90 శాతం సమయం డీఎన్ఏ మీదే జారుతూ ఉంటుందట, పట్టుకున్న ప్రతిసారీ 5 మిల్లీసెకన్లు కూడా నిలవకుండా. కొత్త ఊళ్లో చుట్టాలిల్లు వెతుకుతూ ప్రతి గుమ్మంలోకీ తొంగిచూసినట్టే.

ఇక అసలు పని, జన్యువుకి ఆర్ఎన్ఏ నకలు తీయడం. ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే యంత్రం సెకనుకు సుమారు 40, 50 అక్షరాలు చదువుతుంది. కోట్ల బ్యాక్టీరియాను కలిపి నూరి కొలిస్తే ఈ పని సన్నటి ధారలా సాగుతున్నట్టే లెక్క తేలుతుంది. సగటు అంటే నాకు మొదటినుంచీ అనుమానమే. 2005లో ప్రిన్స్‌టన్‌లో ఇడో గోల్డింగ్, ఎడ్వర్డ్ కాక్స్ ఒక జన్యువు నుంచి వచ్చే ఆర్ఎన్ఏకి వెలిగే ప్రోటీన్లు అతుక్కునే చోట్లు 96 పెట్టి, ఒక్కో బ్యాక్టీరియాను విడివిడిగా గమనించారు. ఆ జన్యువు సగటున 6 నిమిషాలు పనిచేసి, 37 నిమిషాలు ఊరుకుంటోంది. మన వీధి కుళాయి లాంటిదే అన్నమాట.

ఎందుకు ఆగుతుంది? దీనికి ఇంట్లో చేసి చూసుకునే జవాబు ఒకటుంది. కవిటి నుంచి మా చిన్నాన్న తెచ్చిన కొబ్బరి తాడు, రెండు పేటలది, రెండు కొసలూ కిటికీ ఊచలకి బిగించి కట్టాను. పేటల మధ్య పెన్సిల్ దూర్చి, అది గిర్రున తిరగకుండా గట్టిగా పట్టుకుని ముందుకు తోశాను. జానెడు దూరం బాగానే వెళ్లింది. ఆ తర్వాత ముందున్న పురి బిగుసుకుంటూ బిగుసుకుంటూ, పీచు కిర్రుమని, పెన్సిల్ ఇక కదలనంది. వెనకేమో పేటలు వదులై వేలాడుతున్నాయి.

పాలిమరేజ్ కూడా డీఎన్ఏ రెండు పేటలను విడదీస్తూనే ముందుకు పోవాలి. వెనక వదులైన చోటును సరిచేసే ఎంజైమ్ వేరే ఉంది. ముందు పేరుకున్న పురిని వదిలించేది గైరేజ్. అది దగ్గర్లో లేకపోతే పురి ముదిరి, యంత్రం నెమ్మదించి, చివరికి కొత్త నకలు మొదలవడమే ఆగిపోతుంది. గైరేజ్ వచ్చి పట్టుకుంటే మళ్లీ మొదలు. బాగా పనిచేసే జన్యువుల్లో ఈ ఆగడం, సాగడం వెనక ఇదే ఉందని 2014లో షీ బృందమే చూపించింది.

గైరేజ్ పురి వదిలించే తీరు కాస్త భయంకరమైనది. డీఎన్ఏ రెండు పేటలనూ తెంపి, ఆ సందులోంచి ఇంకో ముక్కను దాటించి, మళ్లీ అతికిస్తుంది. మందుల షాపుల్లో అందరికీ తెలిసిన సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర సరిగ్గా అక్కడే దెబ్బకొడుతుంది: తెంపే దాకా ఊరుకుని, అతికించే ముందు గైరేజ్‌ను డీఎన్ఏ మీదే ఇరికించేస్తుంది.