ఆవుపాల గోడ, ఎనుంపాల గోడ

చిన్నోడికీ, అమ్ములుకూ తాత ఆశీస్సులు.

"షాపులో తెల్లగానే ఉన్న లేత గ్రే, మా గదిలో కొంచెం పూసి చూస్తే నీలంగా కొడుతోంది. పెయింటర్ మోసం చేశాడా తాతా?" అని ఫోన్లో అడిగావు కదరా. పాపం, ఆయన తప్పేం లేదు.

అమ్మనడిగి ఒక గ్లాసులో ఆవుపాలు, ఇంకో గ్లాసులో ఎనుంపాలు, అదే గేదెపాలు, పోయించుకోండి. విడివిడిగా చూస్తే రెండూ తెలుపే. పక్కపక్కన పెడితే ఆవుపాలలో పసుపు ఛాయ బయటపడుతుంది. మీ అమ్మ ఎంచిన ఐవరీ ఆవుపాలు, మీ నాయన పట్టుబట్టిన గ్రే ఎనుంపాలు. ఒకదాంట్లో చిటికెడు పసుపు, ఇంకోదాంట్లో చుక్క నీలం దాక్కుని ఉన్నాయి. దాక్కున్నదాన్ని బయటికి లాగేది వెలుతురు. మీ గది కిటికీ తిరుమల కొండవైపు, అంటే ఉత్తరానికి. ఈ ధనుర్మాసంలో అందులోంచి ఎండ రాదు, ఆకాశం వెలుతురే వస్తుంది. దాంట్లో నీలం పాలు ఎక్కువ. (ఈ పాలు వేరే, గ్లాసు వదిలేయండి.) మీ పడమటి హాల్లో సాయంత్రం ఎండకు ఐవరీ కాచిన నెయ్యిలా పచ్చబడుతుంది. నెయ్యి దాకా వచ్చేశాను, ఇక పెరుగు సంగతి అడక్కండి.

మా చిన్నప్పుడు ఈ ఎంపికలెక్కడివి? సంక్రాంతి ముందు మా నాయన సున్నపురాళ్ల మీద నీళ్లు పోస్తే బుడబుడా ఉడికేవి. చల్లారాక, గుడ్డలో మూటకట్టిన నీలిమందును అందులో తిప్పడం నా పని. సున్నంలోని పసుపును ఆ కాస్త నీలి మింగేస్తే గోడ మల్లెపువ్వే. ఒక ఏడాది గోడమీది కోతిని చూస్తూ మూట తీయడం మరిచిపోయాను. పండగంతా మా పడసాల లేత నీలం! నాయన నన్నేమీ అనలేదు, వచ్చినవాళ్లకు "ఇది కొత్త ఫ్యాషన్" అని చెప్పుకున్నాడు.

పక్కపక్కన పెట్టి చూడటం రంగులకు సరే గానీ, అన్నాచెల్లెళ్ల మార్కులకు పనికిరాదని మీ అమ్మతో చెప్పండి, నా పేరు ఎత్తకుండా.

రెండు చార్టు ముక్కలకు ఆ రంగులు రెండేసి కోట్లు వేయించి, బాగా ఆరాక గోడకు అంటించండి. తడిమీద చూసి తీర్పు చెప్పొద్దు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ట్యూబ్‌లైటు వేశాక ఒకసారి చూడండి. సందెవేళ మాత్రం లైటు వేయకుండా కాసేపు కూర్చోండి. కొండ నల్లబడేకొద్దీ ఆ రెండు ముక్కల తేడా మెల్లగా కరిగిపోతుంది. అది ఉత్తరంలో రాస్తే తెలిసేది కాదు, చూడాల్సిందే.

ఆ పాలు మీగడ కట్టకముందే తాగేయండి.

మీ తాత