మలేరియా బిళ్ల కరోనా మందు ఎలా అయింది?

2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనాలు ఆపేశారు. అలిపిరి బోసిపోయిన ఆ రోజుల్లోనే తిరుపతి మందుల షాపుల్లో ఒక కొత్త పేరు వినపడింది: హైడ్రాక్సీక్లోరోక్విన్. నోరు తిరగనివాళ్లు "మలేరియా బిళ్ల ఉందా?" అని అడిగేవారు.

దీని మూలం చాలా పాతది. 1934లో జర్మనీలో క్లోరోక్విన్ తయారైంది. దానికి కొంచెం మార్పు చేసి, దుష్ప్రభావాలు తగ్గించి తెచ్చిందే హైడ్రాక్సీక్లోరోక్విన్. తర్వాత అది కీళ్లవాతానికి, లూపస్‌కు (శరీర రక్షణ వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) కూడా మందైంది. ల్యాబ్‌లో కణాల మీద అది కరోనా వైరస్‌ను అడ్డుకుంది. కొద్దిమంది రోగులతో ఫ్రాన్స్‌లో చేసిన ఒక అధ్యయనం ఆశ రేపింది. మార్చిలోనే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ముందుజాగ్రత్తగా వైద్య సిబ్బందికి దాన్ని సూచించింది. సొంతంగా వేసుకోవద్దని చెప్పినా వినేదెవరు? అంత భయంలో జనాన్ని తప్పుపట్టలేం. కానీ ఏళ్లుగా దాని మీదే ఆధారపడ్డ లూపస్ రోగులు మందు దొరుకుతుందో లేదోనని పడ్డ టెన్షన్ ఎవరికీ పట్టలేదు.

దీనికి తోడు ఇంకో మాట పుట్టింది. మలేరియా ఉన్న దేశాల్లో కరోనా తక్కువట, మనకేం కాదట! నిజానికి ఆ దేశాల్లో యువకులు ఎక్కువ, అప్పటికి పరీక్షలు తక్కువ, అందుకే కరోనా తక్కువగా కనిపించింది. అయినా ఆ మాటే ధైర్యంగా చలామణి అయింది. 2021 వేసవి దాన్ని ఎంత ఘోరంగా అబద్ధం చేసిందో మనం కళ్లారా చూశాం.

ఈ మందు కరోనాకు పనిచేయదని 2020 జూన్‌లోనే తేలిపోయింది. బ్రిటన్‌లో 'రికవరీ' పేరుతో జరిగిన మందుల పరీక్షలో 1,561 మంది ఆసుపత్రి రోగులకు ఈ బిళ్లలిచ్చారు. 28 రోజుల్లో వారిలో 27 శాతం మంది చనిపోయారు. బిళ్లలు ఇవ్వనివారిలో 25 శాతం.

నా దృష్టిలో ఈ రెండు జబ్బులకూ అసలు సంబంధం జ్వరం దగ్గర ఉంది. మలేరియా వర్కర్ ఇంటికొచ్చి, వేలి మీద సూది గుచ్చి, రక్తం స్లైడు మీద తీసుకుని, గోడ మీద తేదీ రాసి వెళ్లిన కాలం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. స్వాతంత్ర్యం నాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మలేరియా కేసులు ఉండేవని అంచనా. 1965కల్లా అవి లక్షకు దిగాయంటే, దోమల మందు చల్లినవాళ్లతో పాటు ఆ ఇంటింటి తిరుగుడూ కారణమే. నిఘా సడలగానే 1976లో మళ్లీ 64 లక్షలు దాటాయి.

కరోనా వచ్చాక జ్వరమంటే దాచుకునే విషయమైంది. చలిజ్వరం వచ్చినా క్వారంటైన్‌కు తీసుకెళతారేమోనని గడప దాటనివాళ్లున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ప్రపంచమంతటా మలేరియాతో 6,27,000 మంది చనిపోయారు. అంతకుముందు ఏడాదికన్నా 69,000 మంది ఎక్కువ. ఆ పెరిగిన చావుల్లో దాదాపు మూడింట రెండొంతులు, కరోనా వల్ల మలేరియా పరీక్షలు, మందులు అందకపోవడంతో జరిగినవే.