స ఎక్కడో తెలియని స్కేలు

కీబోర్డు దగ్గర కూర్చుని సి మెట్టు నొక్కండి. తర్వాత, నల్ల మెట్లనీ లెక్కేస్తూ, దాని పక్కది. ఆ తర్వాత ఒకటి వదిలేసి దాని అవతలిది. మళ్లీ పక్కది, మళ్లీ ఒకటి వదిలేసి... ఇలా పోతే పై సి చేరేలోపు నాలుగు తెల్ల మెట్లు, నాలుగు నల్ల మెట్లు పలుకుతాయి. ఈ ఎనిమిది స్వరాలే డిమినిష్డ్ స్కేలు. వింటుంటే కాళ్ల కింద నేల మెల్లగా తిరుగుతున్నట్టు ఉంటుంది.

ఎందుకలా? శంకరాభరణం తీసుకోండి. అందులో దగ్గర దగ్గరగా ఉండే స్వరాలు గ-మ, ని-స మాత్రమే. మిగతావి ఎడంగా ఉంటాయి. ఆ ఎగుడుదిగుడే చెవికి ఆనవాలు. కొత్త ఊళ్లో గడియారస్తంభం చూసి దారి పట్టినట్టు, చెవి దాన్ని బట్టి స ఎక్కడుందో పోల్చుకుంటుంది. డిమినిష్డ్ స్కేలులో ప్రతి మూడు మెట్లకీ అచ్చం అలాంటి స్తంభమే మళ్లీ కనిపిస్తుంది. ఏది మనదో ఎలా చెప్పడం?

గ్రహభేదం తెలిసినవాళ్లకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మోహనంలో రిషభాన్ని స అనుకుంటే మధ్యమావతి, గాంధారాన్ని స అనుకుంటే హిందోళం వస్తాయి. ఐదు స్వరాల్లోంచి ఐదు ముఖాలు! డిమినిష్డ్ స్కేలుకి ఎనిమిది స్వరాలున్నా ముఖాలు రెండే: దగ్గర అడుగుతో మొదలయ్యేది, ఎడం అడుగుతో మొదలయ్యేది. ఏయే మెట్లు పలుకుతాయో చూస్తే మాత్రం మొత్తం ప్రపంచంలో వేర్వేరు డిమినిష్డ్ స్కేళ్లు మూడే ఉన్నాయి. నాలుగోది మొదలుపెట్టగానే మొదటిదే తిరిగి వస్తుంది.

అయితే ఈ సమానత్వం కీబోర్డు శ్రుతిలోనే నిలుస్తుంది. సహజంగా పలికే సాధారణ గాంధారం (స నుంచి మూడో మెట్టు) షడ్జానికి 6/5 వంతు. అలాంటి నాలుగు అడుగులు వేస్తే 2 దగ్గర ఆగాల్సింది 2.07 దాటిపోతుంది, అంటే పై షడ్జాన్ని మించిపోతుంది. అష్టకాన్ని 12 సమాన భాగాలు చేశాకే ఈ చక్రం అతుకు కనపడకుండా మూసుకుంది.

రష్యాలో సంగీతకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ 1867 నాటికే దీన్ని వాడాడు. అక్కడ ఆయన పేరుతోనే దీన్ని పిలిచారు కూడా. ఆయన శిష్యుడు స్ట్రావిన్‌స్కీ 1911లో 'పెట్రూష్కా' బ్యాలేలో సి మేజర్, ఎఫ్ షార్ప్ మేజర్ కార్డులను (కలిపి మోగించే స్వరాల గుంపులను) ఒకేసారి మోగించాడు. ఎక్కడెక్కడో ఉండే ఆ రెండు కార్డులూ మనం ఇప్పుడు వాయించిన ఎనిమిది మెట్లలోనే ఇమిడిపోతాయి, వెతికి చూడండి.

మరి వాడడం ఎలా? సి మేజర్ పాటలో జి సెవెంత్ కార్డు వచ్చిన చోట, జి నుంచి దగ్గర అడుగుతో ఈ స్కేలు మొదలుపెట్టండి. కార్డులోని నాలుగు స్వరాలూ (జి, బి, డి, ఎఫ్) అందులో ఉంటాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఏమిటంటే, అందులో సి మాత్రం ఉండదు. దానికి కింద కాకలి నిషాదం (బి), పైన శుద్ధ రిషభం (సి షార్ప్) ఉంటాయి. స చుట్టూ తిరుగుతూ స ని తాకకుండా టెన్షన్ పెంచి, చివర్లో దాని మీద దిగితే ఆ ఒక్క స్వరం ఎంత హాయిగా ఉంటుందో!

చాలామంది దీన్ని కింది నుంచి పైకి గబగబా వాయించి వదిలేస్తారు. అది వట్టి కసరత్తులా వినిపిస్తుంది. అలా కాకుండా మూడు స్వరాల చిన్న పలుకు ఒకటి తీసుకుని, దాన్నే మూడేసి మెట్లు జరుపుతూ పోండి. ఒక్క స్వరం కూడా స్కేలు దాటదు. రెండు మూడు అక్షరాల (తాళం దెబ్బల) కాలం చాలు. అంతకు మించితే బిగువు అలవాటైపోయి చెవి పట్టించుకోవడం మానేస్తుంది.

కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లకు ఇంకో ప్రయోగం. తంబురా యాప్‌లో సి శ్రుతి పెట్టి, మొదట సి నుంచి వాయించిన ఆ ఎనిమిది మెట్లే వాయించండి. ఇప్పుడు స ఎక్కడికీ పోదు. సాధారణ గాంధారం వదిలేస్తే 52వ మేళం రామప్రియ వస్తుంది. అంతర గాంధారం వదిలేస్తే 46వది షడ్విధమార్గిణి. శుద్ధ రిషభం వదిలేసి, సాధారణ గాంధారం మెట్టునే షట్శ్రుతి రిషభంగా పలికిస్తే 70వది నాసికాభూషణి. తంబురా ఆపేసి అవే మెట్లు మళ్లీ వాయించండి, మూడు రాగాలూ ఎలా కరిగిపోతాయో వినండి.