రంగు ముందు, పడవ తర్వాత

చెక్క పడవను ముందు కట్టి, తర్వాత రంగేస్తారు. ఫైబర్‌గ్లాస్ పడవకు వరస తలకిందులు. ముందు రంగు పూసి, దాని మీద పడవ కడతారు.

1959లో న్యూయార్క్ బోట్ షోలో జనం ముందుకొచ్చిన పియర్సన్ ట్రైటన్‌నే చూడండి. అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో, బ్రిస్టల్ ఊళ్లో తయారైన 28 అడుగుల తెరచాప పడవ. ఇలాంటివి అచ్చులో పోస్తారు. అచ్చుకు అతుక్కుపోకుండా మొదట మైనం రుద్దుతారు. దాని మీద రంగు కలిపిన పాలియెస్టర్ రెజిన్ (ఆరితే గట్టిపడే చిక్కటి ద్రవం), అంటే జెల్‌కోట్, సుమారు అర మిల్లీమీటరు మందాన. ఆపైన గాజు నార, రెజిన్ పొరలు పొరలుగా. మన కోస్తాలో చేపలవేటకు వెళ్లే ఫైబర్ బోట్లదీ ఇదే పుట్టుక.

ఈ రెజిన్ గట్టిపడేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ అడ్డొస్తుంది. అచ్చుకు ఆనుకున్న వైపు గాలి తగలదు కాబట్టి గట్టిగా, నున్నగా తేలుతుంది. వెనక వైపు కాస్త జిగట మిగిలిపోతుంది. లోపంలా కనిపించే ఆ జిగటే తర్వాతి పొరను పట్టుకునేది. అరవై ఏళ్ల తర్వాత ఆ పాత పడవకు మళ్లీ రంగేసేవాడికి ఆ అదృష్టం లేదు. పాత జెల్‌కోట్ కొత్త రంగుతో కలిసిపోదు. ఉప్పుకాగితం గీసిన సన్నని గీతల్లోనే రంగు పట్టు వెతుక్కోవాలి.

ఈలోగా ఎండ తన పని తాను చేసి ఉంటుంది. అతినీలలోహిత కిరణాలు పైపైన రెజిన్ గొలుసుల్ని తెంచేస్తే, పట్టు తప్పిన రంగు పొడి బయటపడుతుంది. సున్నం గోడకు ఆనుకుంటే చొక్కాకు అంటినట్టు, చేత్తో రాస్తే తెల్లగా అంటుతుంది. అలా వెలిసిన మెరుపును దాచడానికి యజమానులు ఏటా మైనం పట్టిస్తారు. అసలు తంటా ఆ మైనంతోనే.

చాలామంది ఉత్సాహంగా ముందే ఉప్పుకాగితం అందుకుంటారు. దాంతో మైనం పోకపోగా గీతల్లోకి దిగబడుతుంది. రంగేశాక అక్కడక్కడా గుండ్రటి గుంటలు పడతాయి, పెయింటర్లు ‘ఫిష్ ఐ’ అంటారు. తామరాకు మీద నీటిబొట్టు నిలవనట్టే, మైనం మీద రంగు పరుచుకోదు. అందుకే ముందు మైనం కరిగించే థిన్నర్‌తో తుడవాలి, అది ఆరేలోపే మరో శుభ్రమైన గుడ్డతో ఎత్తేయాలి. తర్వాత నీళ్లు చల్లి చూడండి. పలచగా పరుచుకుంటే సరే, ఇక ఉప్పుకాగితం పట్టొచ్చు; ముత్యాల్లా నిలబడితే మళ్లీ మొదటికి. విసుగు పుట్టించే పనే. నన్నడిగితే ఇక్కడ మిగుల్చుకున్న గంటకు తర్వాత వారం చెల్లించాలి.

ఆపైన రెండు డబ్బాల పాలియురేథేన్ రంగు: ఒకదాంట్లో రంగు, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్. హార్డెనర్‌లోని ఐసోసయనేట్ రంగులోని రెజిన్‌తో కలిసి గట్టిపడుతుంది. కానీ దానికి నీరన్నా యావే. గాలిలో తేమ ఎక్కువైతే దానితోనూ కలిసి కార్బన్ డయాక్సైడ్ విడుస్తుంది, మెరుపు చస్తుంది. స్ప్రే చేస్తే ఆ తుంపర ఊపిరితిత్తులకు ప్రమాదం, ఆస్తమా తెప్పించగలదు. సొంతంగా వేసుకునేవాళ్లకు రోలరే మేలు. ఒకరు రోలర్ తిప్పుతుంటే, వెనకే ఇంకొకరు బ్రష్ కొసతో తేలిగ్గా నిమురుతూ బుడగలు చెరిపేస్తారు. నీటిలో మునిగి ఉండే అడుగు భాగానికి ఈ రంగు పనికిరాదు, బొబ్బలెక్కుతుంది. అక్కడ నాచు, నత్తగుల్లలు పట్టకుండా రాగి కలిసిన వేరే రంగు వేస్తారు.

సాయంత్రం మంచు దిగేలోపు రంగు కొంతైనా గట్టిపడాలి, కాబట్టి ఆఖరి కోటు ఉదయమే మొదలుపెట్టాలి.