కార్డు నుంచి రసీదు దాకా: రోహింగ్యాల పౌరసత్వం ఎలా పోయింది

రోహింగ్యాలు బర్మా (ఇప్పటి మయన్మార్) పశ్చిమాన అరకాన్‌ (రఖైన్) ప్రాంతపు ముస్లింలు. 1950లలో చాలామంది రోహింగ్యాల దగ్గర అందరిలాగే జాతీయ రిజిస్ట్రేషన్ కార్డులు ఉండేవి. ఓటు వేసేవారు, పార్లమెంటుకు నెగ్గేవారు. 1960ల మొదట్లో ప్రభుత్వ రేడియోలో వాళ్ల భాషలో కార్యక్రమం వచ్చేది. ఈ సంగతి గట్టిగా చెప్పాలి. ఎందుకంటే వీళ్లు నిన్నమొన్న చొరబడ్డ బెంగాలీలన్న మాటే ఇవాళ ఎక్కువగా వినిపిస్తోంది.

1962లో నే విన్ సైనిక పాలన మొదలయ్యాక పరిస్థితి తిరగబడింది. 1978లో 'నాగమిన్' పేరిట ఎవరు పౌరులో, ఎవరు కాదో తనిఖీలు చేశారు. దాదాపు రెండు లక్షల మంది బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఏడాది తిరిగేసరికి చాలామందిని బర్మాయే వెనక్కి తీసుకుంది. తనవాళ్లని ఒప్పుకున్నట్టే కదా? అయినా 1982లో కొత్త పౌరసత్వ చట్టం తెచ్చింది.

అసలు మెలిక ఆ చట్టంలోనే ఉంది. 1823కు ముందు నుంచి, అంటే అరకాన్ బ్రిటిష్ వాళ్ల చేతికి పోకముందు నుంచి ఉన్న జాతులే స్థానికులని, వాళ్లు పుట్టుకతోనే పౌరులని అన్నారు. ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల జాబితాలో రోహింగ్యాల పేరు లేదు. చట్టం పెట్టిన మూడు రకాల పౌరసత్వాల్లో మిగతా రెండింటికి తాతల నాటి రుజువులు చూపాలి. బంగ్లాదేశ్ సరిహద్దులోని నాఫ్ నదిలో చేపలు పట్టుకునేవాడు అవి ఎక్కడి నుంచి తెస్తాడు?

1989లో పాత కార్డులు తీసుకుని రంగుల కార్డులు ఇవ్వడం మొదలుపెట్టారు. పూర్తి పౌరులకు గులాబీ రంగుది. పాతవి అప్పగించిన రోహింగ్యాల్లో చాలామందికి ఏదీ తిరిగి రాలేదు. 1991-92లో మరో రెండున్నర లక్షల మంది దేశం దాటారు. 1995 నుంచి తెల్ల కార్డులు ఇచ్చారు, అవి పౌరసత్వానికి రుజువు కావన్నారు. వాటితోనే 2010లో ఓటేశారు. 2015లో అవీ రద్దయ్యాయి. కార్డు అప్పగించినందుకు ఇచ్చిన రసీదు చేతిలో మిగిలింది, ఓటు పోయింది. ఉత్తర అరకాన్‌లో పెళ్లికీ, పక్క ఊరికి వెళ్లడానికీ పర్మిషన్ తీసుకోవాల్సి వచ్చేది.

2017 ఆగస్టు 25న రోహింగ్యా సాయుధ సంస్థ 'అర్సా' పోలీసు పోస్టులపై దాడి చేసింది. సైన్యం ఊళ్లకు ఊళ్లే తగలబెట్టింది. ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ చేరారు. అంతకు ముందే హైదరాబాద్ వచ్చి బాలాపూర్‌లో గుడిసెలు వేసుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల చేతిలో ఐక్యరాజ్యసమితి ఇచ్చే శరణార్థి కార్డు ఉంటుంది. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు కాబట్టి దానికి ఇక్కడ చట్టబలం తక్కువ.

2018లో, 2019లో బంగ్లాదేశ్ శిబిరాల నుంచి వెనక్కి పంపే ఏర్పాట్లు చేశారు. రెండుసార్లూ ఒక్కరూ కదల్లేదు. ముందు పౌరసత్వం ఇవ్వండి, తర్వాత వస్తామన్నారు.