రాకెట్ ఇంజిన్ స్టార్ట్: అపోహలు - వాస్తవాలు

టెస్ట్ వీడియో చూసిన వాళ్లంతా మంట గురించే అడుగుతారు. ఇంజిన్ పరీక్షలు చేసే మాకు అసలు టెన్షన్ మంట నిలబడక ముందు గడిచే ఆ కొద్ది సెకన్లలోనే.

అపోహ: 2011 దాకా ఎగిరిన స్పేస్ షటిల్ ఇంజిన్ల కింద కనిపించే నిప్పురవ్వలే ఇంజిన్‌ను వెలిగించేవి.
వాస్తవం: కాదు, వెలిగించే స్పార్క్ ఇగ్నైటర్లు ఇంజిన్ లోపలే ఉండేవి. బయటి రవ్వల పని, నాజిళ్ల (మంట బయటికొచ్చే గొట్టాల) కింద చేరే హైడ్రోజన్‌ను పోగుపడనివ్వకుండా కాల్చేయడం.

అపోహ: ఇంధనం, ఆక్సిజన్ ముందే దండిగా పంపి వెలిగిస్తే స్టార్ట్ బలంగా వస్తుంది.
వాస్తవం: ఇంతకంటే ప్రమాదకరమైన ఆలోచన లేదు. గ్యాస్ స్టవ్ తిప్పేసి, లైటర్ వెతికి తెచ్చి ఆలస్యంగా వెలిగిస్తే భగ్గుమని మొహం మీదకొస్తుంది కదా, ఇంధనం మండే ఛాంబర్‌లో జరిగేదీ అదే, కాకపోతే అక్కడ ఇంజినే పగిలిపోవచ్చు. దీన్నే హార్డ్ స్టార్ట్ అంటాం. అందుకే ఏ వాల్వ్ ఎప్పుడు, ఎంత తెరుచుకోవాలో మిల్లీసెకన్ల లెక్కన రాసుకుంటాం. షటిల్ ఇంజిన్‌లో హైడ్రోజన్ వాల్వ్ ముందు తెరుచుకునేది, ఎందుకంటే వేడి మీద ఆక్సిజన్ మోతాదు ఎక్కువైతే పంపులను తిప్పే టర్బైన్ లోహమే కాలిపోతుంది. ఆపేటప్పుడు ముందు తగ్గించేది ఆక్సిజన్‌నే. ఇగ్నిషన్ రాకపోతే వెంటనే ఇంకోసారి ప్రయత్నించడం ఉండదు. వాల్వులు మూసి, లైన్లు పర్జ్ చేశాకే (వేరే వాయువు పంపి మిగిలినదంతా తోసేశాకే) తర్వాతి మాట. హైడ్రోజన్ లైన్‌కు నైట్రోజన్ పర్జ్ పనికిరాదు, -253 డిగ్రీల దగ్గర అదే గడ్డకట్టి దారి మూసేస్తుంది, అక్కడ హీలియమే దిక్కు.

అపోహ: స్టార్ట్‌కు ముందు తెల్లటి పొగ కనిపిస్తే లీకే.
వాస్తవం: చాలాసార్లు అది చిల్‌డౌన్, అంటే స్టార్ట్‌కు ముందు పంపును చల్లబరచడం. -183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్‌ను వెచ్చటి పంపులోకి వదిలితే ఆవిరైపోతుంది, పంపుకు ద్రవం అందక వేగం అదుపు తప్పుతుంది. అందుకే ముందు కొంచెం కొంచెంగా పంపి చల్లబరుస్తాం, అప్పుడు బయటికొచ్చే చల్లటి ఆవిరి వల్లే ఆ తెల్లటి పొగ.

అపోహ: తాకగానే మండే ఇంధనాలకు ఇగ్నైటర్ అక్కర్లేదు, కాబట్టి భయం లేదు.
వాస్తవం: 2019 ఏప్రిల్ 20న స్పేస్‌ఎక్స్ వాళ్ల వ్యోమగాముల క్యాప్సూల్ క్రూ డ్రాగన్ నేల మీద పరీక్షలోనే పేలిపోయింది. ట్యాంకుల్లో ఒత్తిడి పెంచే హీలియం లైన్‌లోకి కారిన నైట్రోజన్ టెట్రాక్సైడ్ (ఇంధనాన్ని తాకగానే మండించే ద్రవం) ఒత్తిడి పెంచగానే దూసుకెళ్లి టైటానియం చెక్ వాల్వ్‌ను అంటించింది. అప్పుడు పరీక్షించబోయిన ఇంజిన్లు ఇంకా వెలగనే లేదు.

అపోహ: వెలిగిన ఇంజిన్లను లాంచ్ ప్యాడ్ మీదే ఆపేస్తే ప్రయోగం ఫెయిలైనట్టే.
వాస్తవం: షటిల్ ఇంజిన్లను పైకి లేవడానికి 6.6 సెకన్ల ముందే వెలిగించేవారు. ఘన ఇంధన బూస్టర్లు అంటుకున్నాక ఇక ఆపలేరు కనుక, ఈలోపే కంప్యూటర్లు అన్నీ చూసుకోవాలి. 1985 జులై 12న ఛాలెంజర్‌లో ఒక కూలెంట్ వాల్వ్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవానిది) చెప్పినట్టు కదల్లేదు, పైకి లేవడానికి మూడు సెకన్ల ముందు అన్నీ ఆపేశారు. ఏడుగురు వ్యోమగాములూ క్షేమంగా దిగారు, 17 రోజులకు అదే ఛాలెంజర్‌లో వెళ్లారు.